ఒక ప్రాసెస్ మెమొరీ ఇంకో ప్రాసెస్ చేతికి చిక్కకుండా: లినక్స్ ల్యాబ్ సర్వర్‌కు పీట్రేస్ కట్టుదిట్టాలు

విజయనగరంలోనో రాజాంలోనో టెక్కలిలోనో ఒక కాలేజీ ల్యాబ్ అనుకుందాం. అందరూ ఎస్‌ఎస్‌హెచ్‌తో చేరే ఉబుంటు సర్వర్ ఒకటి ఉంది, దాని పేరు చంపావతి. అందులో నాగావళి, వంశధార అని రెండు లాగిన్లు. నాగావళి నడుపుతున్న ప్రోగ్రాం మెమొరీని వంశధార చదవలేదు. ఇది లినక్స్ మొదటి నుంచీ చూసుకుంటున్న పనే. చిక్కంతా ఒకే లాగిన్ లోపల ఉంది. నాగావళి పేరు మీద నడిచే రెండు ప్రోగ్రాముల మధ్య, యూనిక్స్ పాత పద్ధతి ప్రకారం, అడ్డు ఏదీ లేదు. ఎక్కడి నుంచో దించుకున్న చిన్న ప్రోగ్రాం ఒకటి నడిపితే చాలు. అదే లాగిన్‌లో తెరిచి ఉన్న బ్రౌజర్ మెమొరీని అది చదవగలదు. ఇప్పుడే సుడో పాస్‌వర్డ్ కొట్టిన షెల్‌లోకి దూరి దాని చేత రూట్ కమాండ్లు కొట్టించగలదు. ఇక ల్యాబ్ మొత్తానికి "స్టూడెంట్" అని ఒకే లాగిన్ ఇచ్చేసిన చోట పక్క బెంచీ వాళ్ల ప్రాసెస్‌లన్నీ (నడుస్తున్న ప్రోగ్రాములన్నీ) లినక్స్ గుండె అయిన కెర్నల్ లెక్కలో మీవే.

ఆ సర్వర్‌ను చూసుకునే వ్యక్తి ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో, దేనివల్ల ఏది ఆగిపోతుందో ఇక్కడ ఉంది. చివరి భాగం కెర్నల్ కోడ్ రాసేవాళ్లకు. కమాండ్లు, ఫైలు పేర్లు పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్‌లో మాత్రం వాటి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

తలుపులు చాలా, కాపలా ఒకటే

ఇంకో ప్రాసెస్ మెమొరీకి చేరే దారులు ముఖ్యంగా మూడు. డీబగ్గర్లు (నడుస్తున్న ప్రోగ్రాంను ఆపి లోపల చూసే పనిముట్లు) వాడే పీట్రేస్ సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ను పని అడిగే పిలుపు) మొదటిది. /ప్రాక్/పీఐడీ/మెమ్ ఫైలు రెండోది (పీఐడీ అంటే ప్రాసెస్ నంబరు). దాన్ని తెరిచి, కావాల్సిన చిరునామాకు జరిగి, మామూలు ఫైలులాగే చదవొచ్చు, రాయొచ్చు. మూడోది ప్రాసెస్_వీఎం_రీడ్‌వీ, దాని జంట ప్రాసెస్_వీఎం_రైట్‌వీ. ఇవి 2012 జనవరిలో వచ్చిన 3.2 కెర్నల్ నుంచి ఉన్నాయి. 2020లో 5.6తో వచ్చిన పీఐడీఎఫ్‌డీ_గెట్‌ఎఫ్‌డీ మెమొరీని కాక, తెరిచి ఉన్న ఫైలు డిస్క్రిప్టర్‌నే (తెరిచిన ఫైలుకు ప్రాసెస్ చేతిలో ఉండే పిడినే) ఎత్తుకొస్తుంది. దారి ఏదైనా కెర్నల్ లోపల అనుమతి అడిగే ఫంక్షన్ ఒక్కటే, పీట్రేస్_మే_యాక్సెస్. ఒక్కో సిస్టమ్ కాల్‌ను విడివిడిగా మూయబోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది. ఈ ఫంక్షన్ ఏమేం అడుగుతుందో తెలుసుకుని అక్కడ కట్టడి చేస్తే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి.

అది అడిగే వరుస ఇది. అడిగేవాడు, లక్ష్యం ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్లైతే వెంటనే సరే అంటుంది, ఇంకేమీ అడగదు. అందుకే ఒకే ప్రాసెస్‌లోకి లోడ్ చేసిన ప్లగిన్ నుంచి రహస్యాన్ని దాచడం ఈ దారిలో కుదరదు. దాన్ని వేరే ప్రాసెస్‌గా, వీలైతే వేరే యూఐడీతో (లాగిన్ నంబరుతో) నడపాలి. థ్రెడ్లు కాకపోతే, అడిగేవాడి యూఐడీ లక్ష్యం తాలూకు మూడు యూఐడీలతోనూ (అసలుది, ఎఫెక్టివ్, సేవ్డ్) సరిపోవాలి, జీఐడీలు (గ్రూపు నంబర్లు) కూడా అలాగే. ఒక్కటి తేడా వచ్చినా క్యాప్_సిస్_పీట్రేస్ అనే కేపబిలిటీ (రూట్ అధికారంలో ఒక ముక్క) ఉంటేనే ముందుకు. సెట్‌యూఐడీ ప్రోగ్రాం (ఎవరు నడిపినా దాని యజమాని అధికారంతో నడిచేది) నడిపిన మనిషే దాన్ని డీబగ్గర్‌తో పట్టుకోలేకపోవడం ఇందువల్లే. తరువాత లక్ష్యం "డంపబుల్" స్థితిలో, అంటే తన మెమొరీని బయటివాళ్లు చూడనిచ్చే స్థితిలో, ఉందా అని చూస్తుంది. లేకపోతే మళ్లీ అదే కేపబిలిటీ కావాలి. ఆఖరున సెక్యూరిటీ మాడ్యూళ్లను అడుగుతుంది. యామా (పీట్రేస్‌ను కట్టడి చేసే మాడ్యూల్), యాప్‌ఆర్మర్, ఎస్‌ఈలినక్స్, ల్యాండ్‌లాక్, వీటిలో ఏ ఒక్కటి కాదన్నా కాదనే.

అడిగే తీరులో రెండు స్థాయిలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. "రీడ్" అంటే చూడటం, "అటాచ్" అంటే పట్టుకోవడం. మెమొరీ విషయాలు చదవాలన్నా రాయాలన్నా అటాచ్ కావాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు, మెమొరీ మ్యాప్ చూడటానికి, ఫైలు డిస్క్రిప్టర్ల జాబితాకు రీడ్ చాలు. యామా అటాచ్‌ను మాత్రమే ఆపుతుంది, రీడ్‌ను పట్టించుకోదు. ఈ తేడా తెలియకపోతే సర్వర్ భద్రంగా ఉందనుకుంటూనే పాస్‌వర్డులు బయటపడతాయి.

ముందు ఉన్న స్థితి చూడండి

/ప్రాక్/సిస్/కెర్నల్/యామా/పీట్రేస్_స్కోప్ ఫైలును క్యాట్‌తో చూడండి. 0 నుంచి 3 వరకు ఏదో ఒక అంకె వస్తుంది. ఫైలే లేకపోతే ఆ కెర్నల్‌లో యామా నడవడం లేదు. /సిస్/కెర్నల్/సెక్యూరిటీ/ఎల్‌ఎస్‌ఎం ఫైలులో నడుస్తున్న మాడ్యూళ్ల జాబితా ఉంటుంది, అందులో యామా ఉందో లేదో చూసుకోండి. యామా 2012లో 3.4 కెర్నల్‌తో అసలు సోర్స్‌లోకి చేరింది. అంతకుముందే 10.10 విడుదల నుంచి ఉబుంటులో ఇలాంటి కట్టడి ఉంది. ఉబుంటు దీన్ని 1గా పెట్టి ఇస్తుంది. ఫెడోరాలో ఎల్ఫ్‌యుటిల్స్‌తో పాటు వచ్చే చిన్న ప్యాకేజీ ఒకటి 0కి మారుస్తుంది. కాబట్టి డిస్ట్రో పేరు చూసి ఊహించకుండా ఫైలు చూసి నమ్మండి.

అంకె చూసి ఊరుకోకుండా పరీక్షించడం మంచిది. దీనికి డీబగ్గర్ కూడా అక్కర్లేదు. ఒక టెర్మినల్‌లో స్లీప్ 600 నడపండి, దాని పీఐడీ 4321 అనుకుందాం. అదే లాగిన్‌తో ఇంకో టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

హెడ్ -సీ 1 /ప్రాక్/4321/మెమ్

"పర్మిషన్ డినైడ్" వస్తే తలుపు మూసి ఉంది. "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" వస్తే మూసి ఉందనుకోకండి, తెరిచే ఉంది. ఫైలు తెరవడానికి కెర్నల్ ఒప్పుకుంది. చదవబోయింది సున్నా చిరునామా, అక్కడ ఏ పేజీ లేదు కాబట్టే ఎర్రర్. /ప్రాక్/4321/మ్యాప్స్ చూసి సరైన చిరునామా ఇచ్చి ఉంటే మెమొరీ వచ్చేసేది. చాలామంది రెండో ఎర్రర్‌ను చూసి "ఆపేసింది" అనుకుని వదిలేస్తారు.

ఇదే పనిని ప్రాసెస్_వీఎం_రీడ్‌వీతో చేస్తే అనుమతి లేనప్పుడు వచ్చే మాట వేరు, "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్". లోపల కాదన్నది ఒకే చోట. ఆ సిస్టమ్ కాల్ మాత్రం ఎర్రర్ కోడ్‌ను మార్చి ఇస్తుంది. "బ్యాడ్ అడ్రస్" వస్తే అనుమతి దొరికినట్టే, ఇచ్చిన చిరునామా తప్పు.

యామా విలువ ఎంత పెట్టాలి

0 అయితే యామా ఏమీ అడగదు, పైన చెప్పిన పాత వరుసే వర్తిస్తుంది. 1 అయితే అడిగేవాడు లక్ష్యానికి తల్లో (దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్), తల్లికి తల్లో అయి ఉండాలి. లేదా లక్ష్యమే ఫలానా ప్రాసెస్ నన్ను పట్టుకోవచ్చని ముందే చెప్పి ఉండాలి. లేదా కేపబిలిటీ ఉండాలి. 2 అయితే కేపబిలిటీ ఒక్కటే దారి. 3 అయితే రూట్‌కు కూడా లేదు, పైగా ఒకసారి 3కు వెళ్తే రీబూట్ చేసేదాకా కిందకు దించలేరు.

సీ ప్రోగ్రామింగ్ నేర్పే ల్యాబ్‌కు 1 పెట్టండి. 2 మరింత భద్రం కదా అని పెడితే పిల్లలు వాడే డీబగ్గర్ జీడీబీ ఆగిపోతుంది. జీడీబీ ప్రోగ్రామ్‌ను తానే మొదలుపెట్టినప్పుడు, ఆ పిల్ల ప్రాసెస్ "నన్ను ట్రేస్ చేయి" అని పీట్రేస్_ట్రేస్‌మీ పిలుస్తుంది. 0, 1 స్థాయిల్లో దానికి అడ్డు లేదు. 2లో తల్లికి కేపబిలిటీ ఉండాలి, 3లో అసలు కుదరదు. డీబగ్గింగ్ అవసరమే లేని డేటాబేస్ సర్వర్‌కు, ఫీజులూ మార్కులూ ఉండే యంత్రానికి 2 పెట్టడం న్యాయం. 3 పెట్టాలంటే మాడ్యూల్ సంతకాలు, లాక్‌డౌన్ (రూట్ కూడా కెర్నల్‌ను మార్చకుండా ఆపే అమరిక) కూడా ఉండాలి. అవి లేని యంత్రంలో రూట్ ఒక కెర్నల్ మాడ్యూల్ లోడ్ చేసి చదువుకోగలదు, 3 వల్ల మీ సొంత ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్ చూపే పనిముట్టు) ఆగడం తప్ప లాభం లేదు.

అప్పటికప్పుడు మార్చడానికి:

సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ కెర్నల్.యామా.పీట్రేస్_స్కోప్=1

ఇది రీబూట్‌తో పోతుంది. నిలవాలంటే /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి డైరెక్టరీలో ఫైలు రాయాలి. ఉబుంటులో అక్కడ ఇప్పటికే 10-పీట్రేస్.కాన్ఫ్ ఉంటుంది. దాన్ని దిద్దకుండా 99-ల్యాబ్.కాన్ఫ్ అని వేరే ఫైలు పెట్టి కెర్నల్.యామా.పీట్రేస్_స్కోప్ = 1 అని ఒక్క వరుస రాయండి. ఫైళ్లను పేరు వరుసలో చదువుతారు, ఒకే విలువ రెండు చోట్ల ఉంటే తరువాత చదివినదే నిలుస్తుంది. మీ ఫైలు పేరు 05తో మొదలైతే 10-పీట్రేస్ దాన్ని తుడిచేస్తుంది. రాశాక సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్ కొట్టి, మళ్లీ హెడ్ పరీక్ష చేయండి. ఫైలులో 3 రాసి పరీక్షిస్తున్నారంటే జాగ్రత్త. వెనక్కి రావాలంటే ముందు ఫైలు దిద్ది తరువాత రీబూట్ చేయాలి, సెమిస్టర్ ప్రాక్టికల్స్ మధ్యలో పెట్టుకునే పని కాదు.

1 పెట్టాక ఆగిపోయేవి ఇవి. నడుస్తున్న ప్రోగ్రాంకు జీడీబీ -పి తో అతుక్కోవడం ఆగుతుంది. వీఎస్ కోడ్‌లో "అటాచ్" కాన్ఫిగరేషన్ ఆగుతుంది, "లాంచ్" మాత్రం నడుస్తుంది. పిల్లలకు లాంచ్ వాడమని చెప్పడమే సరైన మందు. తనను తాను రెండుసార్లు ఫోర్క్ చేసుకుని (తన నకలు పుట్టించుకుని) వెనక్కి వెళ్లే డెమన్ ప్రోగ్రాంలను, వాటిని మొదలుపెట్టిన షెల్ నుంచి కూడా పట్టుకోలేరు. మధ్యలో ఉన్న తల్లి చనిపోగానే పిల్ల ప్రాసెస్ ఇనిట్ కిందకు పోతుంది, వంశం తెగిపోతుంది.

వంశం అంటే ఎంత కచ్చితమో చూడాలంటే ఒక పరీక్ష ఉంది. ఒకే బ్యాష్ షెల్‌లో స్లీప్ 600 & కొట్టి, అక్కడే హెడ్‌తో మెమ్ చదవబోతే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. హెడ్, స్లీప్ రెండూ షెల్ పిల్లలే, అక్కాచెల్లెళ్లు. తల్లి కాదు కాబట్టి యామా ఒప్పుకోదు. అదే షెల్‌లో ఎగ్జెక్ 3< /ప్రాక్/4321/మెమ్ కొడితే తెరుచుకుంటుంది. ఈసారి తెరిచింది షెల్ స్వయంగా, అది స్లీప్‌కు తల్లి.

ఈ అక్కాచెల్లెళ్ల లెక్క ఎంపీఐ ల్యాబ్‌లో బాగా తగులుతుంది. ఎంపీఐ అంటే ఒకే లెక్కను చాలా ప్రాసెస్‌లు పంచుకుని చేసే పద్ధతి, అందులో ఒక్కో ప్రాసెస్ ఒక ర్యాంకు. ఓపెన్ ఎంపీఐ ఒకే యంత్రంలోని ర్యాంకుల మధ్య పెద్ద సందేశాలను ప్రాసెస్_వీఎం_రీడ్‌వీతో ఒకే కాపీలో పంపగలదు. ర్యాంకులన్నీ ఎంపీఐరన్ పిల్లలు కాబట్టి, లక్ష్యం ముందే ఒప్పుకుని ఉండకపోతే, 1లో ఒకదాన్నొకటి చదవలేవు. అప్పుడు "రిస్ట్రిక్టివ్ పీట్రేస్ సెట్టింగ్స్" అనే మాటతో హెచ్చరిక రావచ్చు. దానికోసం యామాను 0 చేయకండి. ఓపెన్ ఎంపీఐ సెట్టింగుల్లో సింగిల్ కాపీ మెకానిజం విలువను "నన్"గా పెడితే షేర్డ్ మెమొరీ గుండా రెండు కాపీలతో పంపుతుంది. కొంచెం నెమ్మది అయినా ల్యాబ్ లెక్కలకు చాలు.

మీరే రాసిన ప్రోగ్రాంకు క్రాష్ హ్యాండ్లర్ లాంటిది వేరే ప్రాసెస్‌గా ఉండి, అది తల్లి కాకపోతే, లక్ష్యం వైపు నుంచి పీఆర్‌సీటీఎల్(పీఆర్_సెట్_పీట్రేసర్, హ్యాండ్లర్_పీఐడీ) పిలవండి. ఒకసారికి ఒక్క పీఐడీయే. రెండోసారి పిలిస్తే మొదటిది పోతుంది. 0 ఇస్తే అనుమతి రద్దు. పీఆర్_సెట్_పీట్రేసర్_ఎనీ ఇస్తే ఆ ప్రాసెస్‌కు యామా లేనట్టే, కాబట్టి అది పరీక్షల్లో తప్ప వాడకూడదు.

యామా కాదన్న ప్రయత్నాలు కెర్నల్ లాగ్‌లోకి వెళ్తాయి. ఎవరు ఎవరిని పట్టుకోబోయారో ప్రోగ్రాం పేర్లు, పీఐడీలతో సహా ఉంటుంది. జర్నల్‌సీటీఎల్ -కె కొట్టి "పీట్రేస్ అటాచ్" కోసం వెతకండి. వారానికోసారి చూస్తే ఎవరి పని ఆగిపోయి చెప్పడానికి మొహమాటపడుతున్నారో కూడా తెలుస్తుంది.

డంపబుల్: ప్రోగ్రాం తన తలుపు తానే వేసుకోవడం

యామా యంత్రమంతటికీ. ఒక్క ప్రోగ్రాంకు గట్టి కాపలా కావాలంటే, ఆ ప్రోగ్రాం మొదట్లోనే, రహస్యాన్ని చదవక ముందే, ఇది పిలవాలి:

పీఆర్‌సీటీఎల్(పీఆర్_సెట్_డంపబుల్, 0, 0, 0, 0);

ఆ క్షణం నుంచి అదే యూఐడీ అయినా సరే, కేపబిలిటీ లేనివాడికి ఆ మెమొరీ అందదు. యామా మీద దీనికున్న గొప్ప మేలు, రీడ్ స్థాయిని కూడా ఇది ఆపడం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, మ్యాప్స్ కూడా మూసుకుంటాయి. క్రాష్ అయితే కోర్ ఫైలు కూడా పడదు. కోర్ ఫైలు అంటే మెమొరీ మొత్తం డిస్క్ మీద పరచినట్టే కాబట్టి అది పడకపోవడం మంచిదే. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ చేసేది సరిగ్గా ఇదే.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. మామూలు ఎగ్జెక్‌వీఈ (ప్రాసెస్ కొత్త ప్రోగ్రాంలోకి మారడం) జరిగితే డంపబుల్ మళ్లీ 1 అవుతుంది. అందుకే "ముందు డంపబుల్ తీసేసి తరువాత అసలు ప్రోగ్రాం నడిపే" చుట్టుకట్టు ప్రోగ్రాం పనిచేయదు. అసలు ప్రోగ్రాం మెయిన్‌లోనే పిలవాలి. ఫోర్క్‌తో మాత్రం పిల్లకు అదే విలువ వస్తుంది. ఇంకోటి, డంపబుల్ తీసేయగానే /ప్రాక్‌లో ఆ ప్రాసెస్ ఫైళ్లకు యజమాని రూట్ అవుతాడు. దాంతో ప్రాసెస్ తన సొంత /ప్రాక్/సెల్ఫ్/ఊమ్_స్కోర్_అడ్జ్ లాంటి ఫైళ్లు రాయబోయినా కుదరదు. అలాంటి పనులుంటే ముందు ముగించుకుని తరువాత డంపబుల్ తీసేయండి.

సోర్స్ మార్చలేని బైనరీకి ఒక ఉపాయం ఉంది. దాని యజమానిని రూట్ చేసి, సీహెచ్‌మోడ్ 711 పెట్టండి. నడపడానికి అనుమతి ఉండి చదవడానికి లేని బైనరీని నడిపితే, కెర్నల్ ఆ ప్రాసెస్‌ను దానంతటదే డంపబుల్ కానిదిగా పెడుతుంది. పైథాన్, షెల్ స్క్రిప్టులకు ఇది కుదరదు, వాటిని నడిపే ఇంటర్‌ప్రెటర్ ఆ ఫైలును చదవాలి కదా.

ఒకటి రెండు పేజీల రహస్యాన్ని, ఉదాహరణకు ఎన్‌క్రిప్షన్ కీని, రూట్ చేసే సూటి చదువు నుంచి కూడా తప్పించాలంటే 5.14 నుంచి మెమ్‌ఎఫ్‌డీ_సీక్రెట్ ఉంది. ఆ పేజీలను కెర్నల్ తన సొంత మ్యాపింగ్ నుంచే తీసేస్తుంది. మెమ్ ఫైలుతోనూ ప్రాసెస్_వీఎం_రీడ్‌వీతోనూ అవి అందవు. 6.5కు ముందు కెర్నల్లలో బూట్ లైన్‌లో సీక్రెట్‌మెమ్.ఎనేబుల్=1 పెట్టాలి. ఈ పేజీలు మెమ్‌లాక్ పరిమితి లెక్కలోకి వస్తాయి, ఇవి వాడుకలో ఉన్నంతసేపు హైబర్నేషన్ కుదరదు. డీబగ్గర్ అతుక్కోగలిగితే ఆ ప్రాసెస్ చేతనే చదివించగలదు కాబట్టి, దీన్ని డంపబుల్‌తో కలిపే వాడాలి.

యామా ఆపనివి

ముందు చెప్పిన రీడ్ స్థాయికి మళ్లీ వద్దాం. యామా 2 పెట్టి కూడా డేటాబేస్ పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడితే, అదే యూఐడీ ఉన్న ఏ ప్రాసెస్ అయినా /ప్రాక్/పీఐడీ/ఎన్విరాన్ చదివి తీసుకుంటుంది. పాస్‌వర్డును 0400 అనుమతి ఉన్న ఫైలులోనో, పైప్ గుండానో ఇవ్వండి. సిస్టమ్‌డీ సర్వీసు అయితే లోడ్‌క్రెడెన్షియల్ ఉంది.

కమాండ్ లైన్ ఇంకా బహిరంగం. /ప్రాక్/పీఐడీ/సీఎండీలైన్‌కు పీట్రేస్ తనిఖీ లేదు, వేరే యూఐడీ వాళ్లు కూడా చదవొచ్చు. నాగావళి తన కమాండ్‌లో పాస్‌వర్డ్ కొడితే వంశధార పీఎస్ కొట్టి చూడగలదు. దీనికి అడ్డు /ప్రాక్‌ను హైడ్‌పిడ్=2తో మౌంట్ చేయడం, అప్పుడు పరాయి లాగిన్ల ప్రాసెస్‌లు అసలు కనపడవు. డెస్క్‌టాప్ ఉన్న యంత్రాల్లో దీనివల్ల పోల్‌కిట్ లాంటి సర్వీసులు తడబడవచ్చు. అందుకని కొన్ని సర్వీసులకే కావాలంటే సిస్టమ్‌డీ 247 నుంచి ఉన్న ప్రొటెక్ట్‌ప్రాక్=ఇన్విజిబుల్ వాడటం మేలు.

సెక్‌కాంప్‌తో (సిస్టమ్ కాల్స్‌ను వడగట్టే కెర్నల్ వసతితో) పీట్రేస్ సిస్టమ్ కాల్‌ను ఆపితే చాలనుకోవడం కూడా తరచూ జరిగే పొరపాటే. సెక్‌కాంప్ ఒక్కో కాల్‌ను చూస్తుంది. ప్రాసెస్_వీఎం_రీడ్‌వీని విడిగా చెప్పాలి, ఇక మెమ్ ఫైలు తెరవడం మామూలు ఓపెన్ కాబట్టి దానికి కనపడనే కనపడదు.

అన్నిటికంటే పెద్ద కన్నం ఉమ్మడి లాగిన్. యామా 1 మెమొరీనే కాపాడుతుంది. అదే యూఐడీ ఉన్నవాడు హోం డైరెక్టరీలోని .బ్యాష్‌ఆర్‌సీలో ఒక వరుస చేర్చి, తరువాత తెరిచే షెల్ చేత కావాల్సింది చేయించుకుంటాడు. ప్రతి రోల్ నంబరుకూ ఒక లాగిన్ ఇచ్చి, హోం డైరెక్టరీలకు 0700 పెట్టండి. యూజర్‌యాడ్‌ను ఒక చిన్న లూప్‌లో నడిపితే సెక్షన్ మొత్తానికి నిమిషాల పని.

కేపబిలిటీ ఎవరి దగ్గర ఉంది

పై నాలుగైదు తనిఖీల్లోనూ "లేదా క్యాప్_సిస్_పీట్రేస్ ఉండాలి" అనే మాట వచ్చింది. అది దొరికినవాడికి డంపబుల్ లేదు, యామా 2 లేదు. కాబట్టి అది ఎవరికి ఇచ్చారో వెతకాలి. సుడో గెట్‌క్యాప్ -ఆర్ /యూఎస్‌ఆర్ కొట్టండి. జీడీబీకి సెట్‌క్యాప్‌తో ఆ కేపబిలిటీ ఇచ్చి ఉంటే తీసేయండి. అలాంటి జీడీబీతో రూట్ ప్రాసెస్‌ను పట్టుకుని రూట్ అయిపోవచ్చు. సుడోయర్స్ ఫైలులో జీడీబీని, ఎస్‌ట్రేస్‌ను పాస్‌వర్డ్ లేకుండా ఇచ్చి ఉన్నా పరిస్థితి అంతే.

డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి గదుల్లో నడిపేది) ఉన్న సర్వర్‌లో, డాకర్ గ్రూపులో ఉన్నవాడు రూట్‌తో సమానం. పిల్లల్ని ఆ గ్రూపులో పెట్టకండి. కంటెయినర్ లోపల జీడీబీ కావాలంటే --క్యాప్-యాడ్=సిస్_పీట్రేస్ ఇవ్వొచ్చు, అది ఆ కంటెయినర్‌కు కనపడే ప్రాసెస్‌ల మీదే పనిచేస్తుంది. దానికి --పిడ్=హోస్ట్ జతచేస్తే మాత్రం యంత్రంలోని ప్రాసెస్‌లన్నీ దాని చేతిలోకి పోతాయి.

యూజర్ నేమ్‌స్పేస్ (యూఐడీలకు, కేపబిలిటీలకు విడి ప్రపంచం) సృష్టించుకున్న మామూలు లాగిన్‌కు అందులో ఈ కేపబిలిటీ దొరుకుతుంది గానీ, అది బయటి నేమ్‌స్పేస్‌లోని ప్రాసెస్‌ల మీద చెల్లదు. కెర్నల్ అడిగేది లక్ష్యం ఉన్న నేమ్‌స్పేస్‌లో కేపబిలిటీ ఉందా అని.

కెర్నల్ కోడ్ రాసేవాళ్లకు

ఇంకో ప్రాసెస్ మెమొరీని ముట్టుకునే కోడ్ కెర్నల్‌లో చేరుస్తుంటే, యూఐడీలు మీరే పోల్చకండి. ఎంఎం_యాక్సెస్ పిలవండి. సిస్టమ్ కాల్ నుంచి వచ్చే అభ్యర్థనకు పీట్రేస్_మోడ్_అటాచ్_రియల్‌క్రెడ్స్, ఫైలు తెరవడం ద్వారా వచ్చేదానికి పీట్రేస్_మోడ్_అటాచ్_ఎఫ్‌ఎస్‌క్రెడ్స్. రెండోది ఫైల్‌సిస్టమ్ యూఐడీని చూస్తుంది. రెండింట్లో ఒకటి కచ్చితంగా చెప్పాలి. చెప్పకపోతే కెర్నల్ హెచ్చరిక ముద్రించి కాదంటుంది.

ఎంఎం_యాక్సెస్ చేసే అసలైన మేలు తాళం. లక్ష్యం తాలూకు ఎగ్జెక్_అప్‌డేట్_లాక్ పట్టుకుని, ఎంఎం (ప్రాసెస్ మెమొరీ వివరాలుండే కెర్నల్ నిర్మాణం) రిఫరెన్స్ తీసుకుని, అనుమతి చూసి, అప్పుడు వదులుతుంది. ఆ తాళం లేకుండా పీట్రేస్_మే_యాక్సెస్ పిలిచి, తరువాత గెట్_టాస్క్_ఎంఎం పిలిస్తే, ఆ రెండింటి మధ్య లక్ష్యం సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ను ఎగ్జెక్ చేసుకోవచ్చు. అనుమతి అడిగింది పాత ప్రోగ్రాంకు, చేతికొచ్చింది రూట్ ప్రోగ్రాం మెమొరీ అవుతుంది.

అనుమతి ఎప్పుడు అడగాలన్నదీ అంతే ముఖ్యం. 2.6.39లో మెమ్ ఫైలుకు రాసే వీలు తెరిచినప్పుడు తనిఖీని ఫైలు తెరిచేటప్పుడు కాక, రాసేటప్పుడు పెట్టారు. దాడి చేసినవాళ్లు మెమ్ ఫైలు డిస్క్రిప్టర్‌ను సెట్‌యూఐడీ ప్రోగ్రాం అయిన "సు"కు ఎర్రర్ అవుట్‌పుట్‌గా తగిలించారు. "సు" ముద్రించిన ఎర్రర్ సందేశం దాని సొంత మెమొరీలోకే వెళ్లింది, రాసింది అదే కాబట్టి తనిఖీ దాటింది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2012-0056. 2012 జనవరిలో చేసిన మరమ్మతుతో తనిఖీ ఓపెన్‌కు మారింది, డిస్క్రిప్టర్ ఆ క్షణాన ఉన్న ఎంఎంకే కట్టుబడింది. లక్ష్యం తరువాత ఎగ్జెక్ చేసుకున్నా కొత్త మెమొరీ ఆ డిస్క్రిప్టర్‌కు అందదు. మీరు డిస్క్రిప్టర్ ఇచ్చే ఇంటర్‌ఫేస్ రాస్తుంటే ఇదే పద్ధతి పాటించండి.

చదవడానికి యాక్సెస్_రిమోట్_వీఎం వాడండి. అది ఎన్ని బైట్లు కాపీ అయ్యాయో చెబుతుంది, అడిగినదానికంటే తక్కువ రావచ్చు కాబట్టి తిరిగొచ్చిన అంకె చూడకుండా బఫర్‌ను యూజర్‌కు ఇవ్వకండి. ఇస్తే మిగిలిన భాగంలోని పాత కెర్నల్ డేటా బయటికిపోతుంది. ఫాల్_ఫోర్స్ ఫ్లాగ్ ఇవ్వకండి. అది చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న పేజీల్లో కూడా రాయిస్తుంది. 2016లో బయటపడ్డ డర్టీ కౌ, సీవీఈ-2016-5195, మెమ్ ఫైలులోని ఈ బలవంతపు రాతనే వాడుకుంది. 6.12 నుంచి మెమ్ ఫైలులో ఆ బలాన్ని బూట్ లైన్‌లోనే తగ్గించవచ్చు. ప్రాక్_మెమ్.ఫోర్స్_ఓవర్‌రైడ్=పీట్రేస్ అని పెడితే, అప్పటికే పీట్రేస్‌తో అతుక్కుని ఉన్న డీబగ్గర్‌కు తప్ప మిగతావాళ్లకు అది చెల్లదు. ల్యాబ్ సర్వర్‌కు కూడా ఈ విలువ సరిపోతుంది, బ్రేక్‌పాయింట్లు ఆగవు.

పాత కెర్నల్లలో ఎంఎం_యాక్సెస్ తప్పు కోడే కాక శూన్యం కూడా తిరిగివ్వవచ్చని రాసుకోండి. కెర్నల్ థ్రెడ్లకు, అప్పుడే చనిపోతున్న ప్రాసెస్‌కు సొంత మెమొరీ ఉండదు. పని అయ్యాక ఎంఎంపుట్, పుట్_టాస్క్_స్ట్రక్ట్ రెండూ పిలవాలి. ఎంఎంపుట్ మరిచిపోతే లక్ష్యం ముగిసిపోయాక కూడా దాని ర్యామ్ తిరిగి రాదు. డిస్క్రిప్టర్ తెరిచి ఉన్నంతసేపు ఎంఎంను గుర్తుంచుకోవాల్సి వస్తే, ఎంఎంగ్రాబ్‌తో నిర్మాణాన్ని మాత్రమే పట్టుకుని ఎంఎంపుట్ చేసేయండి. ప్రతిసారి చదవబోయే ముందు ఎంఎంగెట్_నాట్_జీరో పిలిచి, అది కాదంటే సున్నా బైట్లు తిరిగివ్వండి. మెమ్ ఫైలు చేసేది ఇదే.